ఖాళీ ట్రే మీద నూట ఎనభై

మా ల్యాబ్‌కి కొత్త షేకర్ కొందామని యజమాని అన్న రోజు నేను ఆయనతో వాదించాను. పదిహేడేళ్లుగా అక్కడ పనిచేస్తున్నాను, అంతకుముందు ఎప్పుడూ వాదించలేదు. ఎందుకు వాదిస్తున్నానో యజమానికీ తెలుసు. పాత షేకర్ మా ఆయన చేసింది. మా ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలైంది.

ల్యాబ్ ఛత్తీస్‌గఢ్‌లో, ఖుర్సీపార్ అనే పేట చివర, ఒక సైకిళ్ల దుకాణం పైన, రెండు గదులు. మట్టి, నీళ్లు పరీక్ష చేస్తాం. చుట్టుపక్కల రైతులు పొలం మట్టిని పాత పంచదార సంచుల్లో, బట్టల కవర్లలో కట్టి తెస్తారు. ఆరబెట్టి, దంచి, జల్లించి, పరీక్షించి ఒక్కో పొలానికి ఒక కాగితం రాసిస్తాం: నత్రజని ఇంత, భాస్వరం ఇంత, పొటాష్ ఇంత. ఆ కాగితం చూసి ఏ ఎరువు ఎంత వేయాలో వాళ్లు తేల్చుకుంటారు. యజమాని ఛత్తీస్‌గఢ్ మనిషి, ఎక్కడో ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాక ఈ ల్యాబ్ పెట్టారు. పరీక్షలన్నీ నావి. రిపోర్టు కింద సంతకం కూడా నాదే.

ఇందులో షేకర్ పని చూడ్డానికి చిన్నది. భాస్వరం పరీక్షకి అరచెంచా మట్టిని సీసాలో వేసి, సోడా కలిపిన నీళ్లు పోసి, అరగంట ఊపాలి. ఊపుతున్నకొద్దీ మట్టి రేణువుల్ని పట్టుకుని ఉన్న భాస్వరం నీళ్లలోకి వస్తుంది. తర్వాత వడగట్టి మందులు కలిపితే నీళ్లు నీలంగా మారతాయి. ఎంత ముదురు నీలమైతే అంత భాస్వరం. మెల్లగా ఊపితే తక్కువ వస్తుంది. మరీ విసురుగా ఊపితే ఎక్కువ వస్తుంది. పొలం అదే, మట్టి అదే, ఊపు మారితే అంకె మారిపోతుంది. అందుకే మేం అనుసరించే పద్ధతిలో వేగం కూడా రాసి ఉంటుంది: నిమిషానికి నూట ఎనభై ఊపులు.

మొదట్లో మాకు షేకర్ లేదు. గోడగడియారం చూసుకుంటూ చేత్తోనే ఊపేదాన్ని, చేతికి రెండేసి సీసాలు. ఇంటికొచ్చి పిండి కలుపుతుంటే మణికట్టు నొప్పి పుట్టేది. మా ఆయన అది చూశారు. ఆయన ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. అప్పటికి రిటైరై ఆరు నెలలైంది. సెక్టర్ 6లో ప్లాంటు వాళ్లిచ్చిన క్వార్టరు ఖాళీ చేసి ఖుర్సీపార్‌లో అద్దెకి దిగాం. అద్దె ఇంట్లో ఉన్న తలుపులన్నిటికీ బందులు బిగించడం అయిపోయింది, ఇక బిగించడానికి ఏమీ లేక కూర్చుని ఉన్నారు.

"సీసాలు ఊపడానికి మనిషెందుకే? ఇంజనీర్లు చచ్చిపోనారేటి?" అన్నారు.

నెలలోపు షేకర్ తయారైంది. పాత సామాన్ల దుకాణంలో దొరికిన వాషింగ్ మెషీన్ మోటారు, దానికో బెల్టు, రెండు కప్పీలు, ఇనప పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరిగే ఒక ట్రే. మోటారు గుండ్రంగా తిరుగుతుంది, ట్రే మాత్రం ముందుకూ వెనక్కూ పోవాలి. ఆ మార్పు చేయడానికి ఒక చెయ్యి కావాలి. దాని కోసం తన సైకిల్ పెడలు కాడ విప్పేశారు. ముప్పై ఏళ్లు షిఫ్టుకి తొక్కుకుంటూ వెళ్లిన సైకిలు అది.

"డ్యూటీ సైకిల్ విప్పేశారా!" అన్నాను.

"డ్యూటీయే అయిపోనాది, ఇంక సైకిలేటి? ఇకమీదట నీ డ్యూటీ చేస్తాది, ఉండనీ."

పెడలు కాడ పూర్తి పొడవున వాడితే ట్రే జానెడు ముందుకు దూకి సీసాలు గదంతా ఎగిరిపోతాయి. అందుకని ఇరుసుకి రెండు వేళ్ల దూరంలో కాడకి ఇంకో రంధ్రం పొడిచారు. మొదటిసారి నడిపినప్పుడు కింద సైకిళ్ల దుకాణం అతను మెట్లెక్కి వచ్చి ఏం కూలిందని అడిగాడు. యంత్రం కాళ్ల కింద టైరు ముక్కలు వేశాక ఆ చప్పుడు తగ్గింది. తగ్గిందే కానీ పోలేదు. పదకొండేళ్లు ఆ చప్పుడులోనే పనిచేశాను.

ప్రతి శనివారం మధ్యాహ్నం మా ఆయన ల్యాబ్‌కి వచ్చేవారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. ప్లాంటులో ఫిట్టర్లు అలాగే వింటారట. తర్వాత వేగం చూసేవారు. ట్రే పూర్తిగా ముందుకొచ్చే చోట చూపుడువేలు నిలబెట్టి, ఎన్నిసార్లు తగిలిందో చేతి గడియారం మీద పావు నిమిషం లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చించేవారు. ఆయన చెప్పిన అంకె నేను రిజిస్టరులో రాసుకునేదాన్ని.

ఈ లెక్క రెండుసార్లు జరగాలి. ముందు ఖాళీ ట్రేతో, దాన్ని నో-లోడ్ అంటారు. తర్వాత పదహారు సీసాల్లో నీళ్లు నింపి, నిండు ట్రేతో. "రెండూ సూడకుండా యంత్రాన్ని ఎవుడికీ అప్పజెప్పకూడదు. కాళీగా ఏదైనా పరిగెడతాది," అనేవారు. అది ఆయన పెట్టిన నియమం కాదు, ఆయన పనిచేసిన చోట అందరి నియమం.

ఇప్పుడు కొత్తది ఎందుకంటే, ల్యాబ్‌కి గుర్తింపు కోసం యజమాని దరఖాస్తు పెట్టాలనుకున్నారు. గుర్తింపు వస్తే పెద్ద పనులు వస్తాయి.

"దీదీ, చూడ్డానికి వచ్చినవాళ్లు ఈ యంత్రం ఏ కంపెనీదని అడిగితే ఏం చెప్పాలి?" అన్నారు హిందీలో.

"మా ఆయనదని చెప్పండి."

యజమాని నవ్వలేదు. నేనూ నవ్వడానికి అనలేదు. "సరే. కొత్త యంత్రాలు తెప్పిస్తాను. మీ యంత్రం పక్కన పెట్టి ఒకే మట్టితో నడపండి. మీది నిలబడితే దానికే పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెప్పిద్దాం. లేదంటే కొత్తది మీరే ఎంచండి," అన్నారు.

నేను ఒప్పుకున్నాను. నిలబడుతుందనే ఒప్పుకున్నాను.

కేటలాగులు మూడు వచ్చాయి. ఆ వారమంతా మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న అన్నం తింటూ వాటినే చదివాను. సీసాల్ని గుండ్రంగా తిప్పేవి ఉన్నాయి, బల్లని ఉయ్యాలలా అటూ ఇటూ వంచేవి ఉన్నాయి, ఒక్క గొట్టాన్ని అడుగున పట్టుకుని వణికించేవి ఉన్నాయి. మాకు పనికిరానివి తీసేయడం కష్టం కాలేదు. ఉయ్యాల రకం రక్తం సీసాలకి, మెల్లగా కలపడానికి. వణికించేది ఒక గొట్టానికి, క్షణకాలం. మావి పదహారు సీసాలు, అరగంట, అడుగున మట్టి. మిగిలినవి రెండు: గుండ్రంగా తిప్పేది, ముందుకూ వెనక్కూ ఊపేది. ఇంట్లో వంట పని తగ్గిపోయింది కాబట్టి చదవడానికి సమయం చాలానే ఉండేది. ఒక మనిషికి ఎసరు పెట్టడం త్వరగా అయిపోతుంది.

యంత్రాలు అమ్మే మనిషి కుమ్హారిలో ఉంటాడు. నలభై దాటి ఉంటాయి. గుండ్రంగా తిప్పే షేకర్‌ని ఆటోలో వేసుకొచ్చి, మెట్ల మీద రెండుసార్లు ఆగి ఆగి పైకి మోసుకొచ్చాడు. యజమానితో హిందీలో మాట్లాడాడు. బల్ల మీద మా ఆయన యంత్రం చూసి నా వైపు తిరిగాడు.

"మేడమ్, ఏ క్యా హై? ట్రాక్టర్ ఇంజనా?"

నేను రిజిస్టరులో తెలుగులో రాసుకోవడం చూసి ఒక్కసారిగా గొంతు మార్చాడు.

"అరే! మీరు తెలుగోళ్లేటక్కా! ముందే సెప్పొచ్చు కదా, గంట నించి హిందీలో సంపుతున్నాను. మా అమ్మది పాలకొండ కాడ. నాను ఇక్కడే పుట్టేను, మత్‌లబ్, తెలుగు ఇంట్లోనే."

ఏటక్కా అన్న మాటకి తలెత్తి చూశాను. ఎనిమిది నెలల్లో ఆ యాస గట్టిగా నా దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఇంటి పక్కవాళ్ల పిల్లలు నాతో హిందీలోనే మాట్లాడతారు. నేనూ అలాగే జవాబిస్తాను. ఆ రోజు అతన్ని అవసరం లేని ప్రశ్నలు కూడా అడిగాను. మోటారు ఎన్ని వాట్లు, రబ్బరు కాళ్లు విడిగా దొరుకుతాయా, ఇలాంటివి. అతను ఓపిగ్గా అన్నిటికీ చెప్పాడు. పాత యంత్రం పోయిన మా ఆయన చేసిందని నేనూ చెప్పాను; అప్పట్నించి ఆయన్ని బాబుగారనేవాడు.

పరీక్షకి సాక్షి మట్టి తీశాను. అది మా ల్యాబ్‌లో ఒక పెద్ద డబ్బా నిండా ఉంటుంది. కుమ్హారి వైపు పొలాల్లోని నల్లరేగడి, చాలా ఏళ్ల కిందట ఒకేసారి తెచ్చి, జల్లించి, బాగా కలిపి పెట్టింది. రైతుల మట్టి ఎప్పుడు పరీక్షించినా పక్కన ఒక సీసా ఈ మట్టి కూడా నడుపుతాం. దాని భాస్వరం పద్నాలుగు. ఎప్పుడు చేసినా పద్నాలుగే రావాలి. వేరే అంకె వస్తే మన పనిలో ఎక్కడో తేడా ఉందని అర్థం. గత ఏడాదిగా అది తగ్గుతూ వచ్చింది. పదమూడైంది, పన్నెండైంది, పదకొండు దగ్గర ఆగింది. రిజిస్టరులో ఆ పక్కన నేనే రాశాను: మట్టి పాతబడింది, కొత్తది తయారు చేయాలి. తయారు చేయలేదు.

రెండు యంత్రాల మీదా నాలుగేసి సీసాలు పెట్టాను. మా దాని మీద మిగిలిన చోట్లలో ఆ రోజు రైతుల మట్టి పెట్టాను, ఎప్పుడూ నడిపేలాగే ట్రే నిండాలని. కొత్త యంత్రం చప్పుడే లేదు. తెల్లటి బల్ల మెత్తగా గుండ్రంగా తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంది. పది నిమిషాలకి వంగి సీసాల అడుగు చూశాను. నీళ్లు అంచుల వెంట తిరుగుతున్నాయి. నల్లమట్టి మాత్రం మధ్యలో చిన్న కుప్పగా చేరి కూర్చుంది, గరిటెతో తిప్పి వదిలిన టీలో పొడి నడిమికి చేరినట్టు. నీళ్లకీ మట్టికీ సంబంధం లేదు.

"స్పీడ్ పెంచుదాం అక్కా," అన్నాడు.

పెంచాడు. కుప్ప కొంచెం చెదిరి మళ్లీ చేరింది.

నీలం రంగు చూస్తే కొత్తదాంట్లో తొమ్మిది, మా దాంట్లో పదకొండు. నాకు సంతోషమైంది. అది ఒప్పుకోవాలి. పద్నాలుగు రావలసిన చోట పదకొండు వచ్చిందని ఆ క్షణాన నాకు తట్టనే లేదు. తొమ్మిది కన్నా పదకొండు ఎక్కువ, అంతే చూశాను. రిపోర్టు కాగితం యజమాని బల్ల మీద పెట్టి, కేంపు మార్కెట్ వరకూ నడిచి వెళ్లి, చాలా రోజుల తర్వాత వంకాయలు కొనుక్కుని ఇంటికెళ్లాను.

వారం తర్వాత అతను రెండో రకం తెచ్చాడు. ముందుకూ వెనక్కూ ఊపేది. సీసాల్ని నిలబెట్టకుండా, ఊపు పోయే దిక్కున పడుకోబెట్టి పట్టీలతో బిగిస్తారు. ముందు వైపు ఒక చిన్న గాజు పలక మీద వేగం ఎర్ర అంకెల్లో కనిపిస్తూ ఉంటుంది. మళ్లీ అదే మట్టి, అదే నాలుగేసి సీసాలు, అదే నిండు ట్రే, అరగంట.

మందు కలిపి గొట్టాల్ని రెండు వరసలుగా కిటికీ దగ్గర నిలబెట్టాను. తేడా తెలియడానికి రంగు కొలిచే యంత్రంలో పెట్టాల్సిన అవసరం లేకపోయింది. కొత్తదాని వరస ముదురు నీలం. మాది ఉతికి ఆరేసిన నీలం.

అయినా పెట్టి చూశాను. పద్నాలుగు. పదకొండు.

సాక్షి మట్టి పాతబడలేదు. అది అప్పుడూ పద్నాలుగే, ఇప్పుడూ పద్నాలుగే.

మొదట కొత్త యంత్రాన్నే అనుమానించాను. "ఇది ఎక్కువ విసురుతున్నట్టుంది," అన్నాను.

"అనుమానమెందుకక్కా, కొలిచేద్దాం," అని సంచీలోంచి చేతిలో పట్టేంత యంత్రం ఒకటి తీశాడు. తిరిగే భాగం మీద వెండి కాగితం ముక్క అంటించి దానివైపు చూపిస్తే వేగం చెబుతుంది. కొత్తదాన్ని కొలిచాడు, నూట ఎనభై. మాది ఖాళీగా ఆన్ చేసి కొలిచాడు. నూట ఎనభై.

"సూసేవా అక్కా, బాబుగారు గట్టి మనిషి. ఏక్ దమ్ నూట ఎనభై."

ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడతను చుట్టూ చూసి, "ఇప్పుడు సీసాలెట్టి సూద్దాం," అన్నాడు.

పదహారు సీసాలూ నేనే పెట్టాను. ట్రే కదిలింది, చప్పుడు ఎప్పటిలాగే ఉంది. నా చెవికి ఏ తేడా తెలియలేదు. అతను చూపించిన అంకె నూట ముప్పై ఒకటి.

ఇంకోసారి కొలవమన్నాను. నూట ముప్పై.

అతను మోటారు ఆపి బెల్టు వేలితో నొక్కి చూశాడు. లోపలివైపు గాజులా నున్నగా అయిపోయింది. "సాగిపోనాదక్కా. కాళీగా పట్టుకుంటాది, బరువెడితే జారిపోతాది. బెల్టు మార్చేస్తే బస్, మళ్లీ పరిగెడతాది. దీనికేటి?" నన్ను ఓదార్చడానికే అన్నాడు. సామాను సర్దుకుంటూ యంత్రం మీద ఇంకేమీ హాస్యమాడలేదు.

అతను వెళ్లాక శనివారాల రిజిస్టరు తీశాను. మొదట్లో ప్రతి శనివారానికీ రెండు అంకెలున్నాయి: ఖాళీ, నిండు. చివరి ఏడాదిన్నర ఒక్కటే ఉంది. వరసగా నూట ఎనభై, నూట ఎనభై, నూట ఎనభై.

ఎందుకో నాకు గుర్తుంది. ఆ ఏడాది ఆయనకి ఊపిరి అందేది కాదు. ల్యాబ్ మెట్లు ఎక్కి వచ్చి, స్టూలు మీద కూర్చుని, మాట్లాడటానికి కాస్త సమయం తీసుకునేవారు. నీళ్లు నింపిన సీసాలతో ట్రే ఎత్తి పెట్టడం ఎప్పుడూ ఆయన పని. మొదటిసారి ఎత్తబోయి దించేశారు. "ఈయాల నో-లోడ్ సాల్లే. నిండుది వచ్చే వారం సూద్దాం," అన్నారు. నేను సరేనన్నాను. తర్వాతి వారం ఆయన ఆ మాట కూడా అనలేదు. నేనూ అడగలేదు.

సీసాలు ఒక్కొక్కటిగా ట్రేలో పెట్టడానికి పెద్ద బలం అక్కర్లేదు. నేను పెట్టగలను, రోజూ పెడుతూనే ఉన్నాను. ఆయన ఎదుట ఆ పని నేను చేస్తే, మీకు చేతకావడం లేదని చెప్పినట్టే. ఆయన వేలితో లెక్కపెట్టిన అంకెని ఆయన వెళ్లాక సోమవారం నేను మళ్లీ లెక్కపెట్టినా అంతే. కాబట్టి చేయలేదు. ఆయన పోయాక ఎనిమిది నెలలూ అసలు లెక్కే పెట్టలేదు. సాక్షి మట్టి అంకె తగ్గితే మట్టి పాతబడిందని రాశాను. ఆయన చొక్కాలు వదులవుతుంటే ఉతుకులకి సాగాయన్నాను.

ఇక మిగిలింది రైతుల కాగితాలు. తేలిక మట్టికి ఈ తేడా పెద్దగా తగలదు. నల్లరేగడి బరువు, మెల్లగా ఊపితే ఉండలుగానే ఉండిపోతుంది. అంటే నల్లరేగడి పొలాలకి భాస్వరం తక్కువని మేం రాసిచ్చిన కాగితాల్లో కొన్ని తప్పు. తక్కువ అని రాస్తే రైతు ఎరువు ఎక్కువ వేస్తాడు. మేం పరీక్షించిన మట్టిని రెండేళ్లు అటక మీద దాచి ఉంచుతాం, ఎవరైనా ప్రశ్నిస్తే మళ్లీ చూడటానికి. ఇంతవరకూ ఎవరూ ప్రశ్నించలేదు.

మర్నాడు యజమానికి అంతా చెప్పాను. ఆయన రిజిస్టరు తిరగేసి చూశారు.

"కొత్త యంత్రం కొంటున్నాం కదా దీదీ. ఇకమీదట సరిగ్గా వస్తుంది. పాతవాటిని ఎవరు అడుగుతారు?"

"ఎవరూ అడగరు," అన్నాను. "అటక మీద మట్టి ఉంది. నల్లమట్టివి తీసి మళ్లీ చేస్తాను. మారినవాళ్లకి కొత్త కాగితం ఇద్దాం."

"కారణం ఏమని రాస్తారు? గుర్తింపుకి వచ్చేవాళ్లు అది చదువుతారు."

"నిండు ట్రేతో వేగం చూడలేదని."

"ఎవరు చూడలేదని?"

"నేను," అన్నాను.

అది అబద్ధం కాదు. సంతకం నాది, చూడవలసింది నేను. అయినా అలా చెప్పగలిగినందుకు నాకు తేలికైంది, మా ఆయన పేరు రాలేదు కాబట్టి. నిజం చెబుతున్నప్పుడు కూడా మనిషి తనకి కావలసింది చూసుకుంటాడు. యజమాని పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి, "సరే, ఇద్దరం సంతకం పెడదాం," అన్నారు. యజమాని గురించి ఈ మంచి మాట చెప్పి తీరాలి.

కొత్త యంత్రం ఎంచడంలో అప్పటికి నాకు సందేహం మిగల్లేదు. పాతదానికి బెల్టు మారిస్తే అది కూడా నూట ఎనభై పరిగెత్తేది, బహుశా ఇంకో పదేళ్లు. కానీ ఆ యంత్రానికి శనివారం వచ్చే మనిషి కావాలి. మోటారు, బెల్టు, పెడలు కాడ లాగే ఆ మనిషి కూడా అందులో ఒక భాగం. కొత్తదానికి ఎవరూ అక్కర్లేదు. బరువు పడి వేగం తగ్గితే ఎర్ర అంకె తగ్గుతుంది, మరీ తగ్గితే కూత పెడుతుంది. కొనుగోలు కాగితంలో కారణం రాయమంటే అదే రాశాను: ముందుకూ వెనక్కూ ఊపే రకం, సీసాలు పడుకోబెట్టే వీలు, నిండు బరువు మీద వేగం తనే చూపుతుంది.

నల్లమట్టి సంచులు అటక మీంచి దించి మూడు వారాలు చేశాను. పదకొండు పొలాలకి అంకె మారింది, తక్కువ అన్నది మధ్యస్థం అయింది. ఫోన్లు చేశాను. కొందరికి ఆ కాగితం ఎక్కడ పెట్టారో గుర్తు లేదు. ఒకాయన, "మేడమ్, మీరు రాసింది చూసి ఎవరు వేశారు? మా నాన్న వేసినంతే వేశాను," అని నవ్వాడు. ఇద్దరు ఎక్కువ వేశామన్నారు. అందులో ఒకాయన అక్కడితో ఫోన్ పెట్టేశాడు.

ఆ ఇద్దరిలో రెండో మనిషి ఒక ఆవిడ, తనే ల్యాబ్‌కి వచ్చింది. కుమ్హారి అవతల ఊరు. నా వయసే ఉంటుంది. పాత కాగితం నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో దాచి తెచ్చింది. స్టూలు జరిపి కూర్చోమన్నాను. తప్పు ఎలా జరిగిందో చెప్పాను, యంత్రం బరువు మీద మెల్లగా తిరిగిందని, నేను చూసుకోలేదని. ఆవిడ మొత్తం విని, ఛత్తీస్‌గఢీలో అడిగింది.

"అయితే మా పొలం మంచిదేనా?"

"మంచిదే. పోయిన ఏడాది వేసినంత ఎరువు అక్కర్లేదు. మీరు అనవసరంగా వేశారు. మా వల్ల."

"అది పోనీ. మంచిదే కదా?"

"మంచిదే."

"మా బావగారు ఊరంతా చెప్పాడు. పంపకాల్లో నా వాటాకి సారం లేని నేల వచ్చిందని. మీ కాగితం చూపించి మరీ చెప్పాడు. చదువుకున్నవాళ్లు రాశారు, చూసుకో అని." కవరు నా వైపు తోసింది. "కొత్తది పెద్ద అక్షరాలతో రాయండి. ఆయనకి కళ్లు సరిగ్గా కనబడవు, మళ్లీ తప్పించుకుంటాడు."

పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ఆవిడ చదువు రాకపోయినా కాగితాన్ని పైనుంచి కింద దాకా చూసుకుంది. పాతదాన్ని ఏం చేయాలని అడిగింది. చించేయమన్నాను. చించలేదు, దాన్ని కూడా కవర్లో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ బల్ల మీద పాత యంత్రాన్ని చూసి, "ఇదేనా?" అంది. అవునన్నాను. "సైకిల్ పెడలు కదూ అది?" అని వంగి చూసి, మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం శనివారాల రిజిస్టరులో చివరి ఏడాదిన్నర అంకెల్ని కొట్టేయబోయి ఆగాను. అవి తప్పు అంకెలు కావు. ఖాళీ ట్రే మీద ఆయన లెక్క ప్రతిసారీ సరిగ్గానే ఉంది. ఒక్కో నూట ఎనభై పక్కనా నా చేత్తో రాసుకుంటూ వచ్చాను: ఖాళీ ట్రే. ఖాళీ ట్రే. ఖాళీ ట్రే. నాలుగు పేజీలు.

పాత యంత్రాన్ని తీసేయమని యజమాని అనలేదు. కుమ్హారి అతను కొత్త బెల్టు తెచ్చి వేసి, "అక్కా, బెల్టు మార్చేస్తే మళ్లీ పరిగెడతాదని బాబుగారి బండికి నాను మాటిచ్చేను," అని వెళ్లాడు. ఇప్పుడు దాన్ని వెనక గదిలో సీసాలు కడగడానికి వాడుతున్నాను. సీసాల్లో సబ్బు నీళ్లు పోసి పెడితే పావుగంటలో శుభ్రమవుతాయి. అక్కడ వేగం ఎంతైనా ఫరవాలేదు.

శనివారం మధ్యాహ్నాలు ఇంటికి త్వరగా వెళ్లవలసిన పని నాకు లేదు. పదహారు సీసాలూ నింపి, ట్రేలో పెట్టి, ఆన్ చేసి, వేలు నిలబెట్టి పావు నిమిషం లెక్కపెడతాను. స్క్రూడ్రైవర్ కూడా చెవికి పెట్టుకుని చూశాను. ఆయనకి అందులో ఏం వినిపించేదో నాకు తెలియదు, అడగాలని అప్పుడు తోచలేదు. నాకు మోటారు చప్పుడే వినిపిస్తుంది. నిన్న నలభై నాలుగు తగిలింది. నిండు ట్రే, నూట డెబ్బై ఆరు. రాశాను.